రాంచ్ పనిలో ఆరితేరిన గుర్రాన్ని కొనేముందు ఎలా చూసుకోవాలి

"12 ఏళ్ళ గెల్డింగ్. రాంచ్‌లో పశువుల పని, కొండదారుల్లో ట్రైల్ రైడింగ్, అన్నీ వచ్చు. ఎవరైనా ఎక్కొచ్చు." టెక్సస్ నుంచి మోంటానా దాకా గుర్రాల అమ్మకం ప్రకటనలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. రాంచ్ అంటే అమెరికాలో ఆవుల మందల్ని పెంచే పెద్ద కమతం. గెల్డింగ్ అంటే విత్తులు తీయించిన మగ గుర్రం. ఆడగుర్రాలు, పోతుల కంటే నిదానంగా ఉంటుందని కొత్తవాళ్ళు ఎక్కువగా దాన్నే వెతుకుతారు.

ఆ ప్రకటనలో అబద్ధం ఉండకపోవచ్చు. చిక్కేమిటంటే, ఆ గుర్రం అంత బుద్ధిగా ఉన్నది దాని పాత కొలువులో. తెల్లవారగానే జీను కట్టించుకుని, పూటంతా ఆవుల వెంట తిరిగి, ఒళ్ళు అలిసి ఇంటికొచ్చే గుర్రం అది. మీ దగ్గరికొచ్చాక శనివారం రెండు గంటలు పని, మిగతా రోజులంతా మేత, విశ్రాంతి. అప్పుడు కూడా అది అలాగే ఉంటుందా? కొనేముందు తేల్చుకోవాల్సిన అసలు సంగతి ఇదే. కింద చెప్పే పరీక్షల్లో చాలావరకు దీనికోసమే.

ముందు మీ లెక్క చూసుకోండి

ప్రకటనలు చూడకముందే మీ బరువు, మీ అనుభవం నిజాయితీగా కాగితం మీద రాసుకోండి. గుర్రం తన బరువులో సుమారు 20 శాతం దాకా మోయగలదని సాధారణంగా లెక్క వేస్తారు. అందులో జీను బరువు కూడా కలుస్తుంది. 1,100 పౌండ్ల గుర్రమైతే మొత్తం 220 పౌండ్లు. రాంచ్ జీను ఒక్కటే 35 పౌండ్లు ఉందనుకుంటే మనిషికి మిగిలేది 185, అంటే 84 కిలోలు. కొండదారిలో గంటలకొద్దీ తిరగాలంటే ఇంకాస్త తగ్గించి చూసుకోవడమే మేలు.

ఎత్తును హ్యాండ్లలో చెప్తారు. హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 14.2 అంటే 14 హ్యాండ్ల మీద 2 అంగుళాలు, మొత్తం 58 అంగుళాలు. కొలిచేది నేల నుంచి మూపు వరకే, తల దాకా కాదు. రాంచ్ పని చేసే క్వార్టర్ హార్స్ అనే అమెరికన్ జాతి గుర్రాలు ఎక్కువగా 14.2 నుంచి 15.2 మధ్య ఉంటాయి. పొడుగు గుర్రం మీద మోజు పడకండి. దారిలో దిగి మళ్ళీ ఎక్కాల్సి వచ్చినప్పుడు పొట్టి గుర్రం విలువ తెలుస్తుంది.

వయసు దగ్గర చాలామంది వెనకాడతారు. కొత్తవాళ్ళకైతే నేను 10 నుంచి 16 ఏళ్ళ మధ్య గుర్రాన్నే చూడమంటాను. ఐదేళ్ళ గుర్రం ఎంత చక్కగా ఉన్నా అది చూసిన లోకం తక్కువ. 15 ఏళ్ళు దాటినదానికి కీళ్ళలో కాస్త బిగుతు ఉండొచ్చు, కానీ ట్రైల్ మీద తూనీగలా ఎగిరే లేడిపిల్లకి బెదరదు. బాగా చూసుకుంటే 20 దాటాక కూడా తేలికపాటి స్వారీకి పనికొచ్చే గుర్రాలు బోలెడు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. నిజంగా పనితెలిసిన, నమ్మకమైన గెల్డింగ్ ధర ఐదంకెల డాలర్లలోకి వెళ్ళడం మామూలే. కానీ కొన్న ధర ఒక్కసారే. వెయ్యి పౌండ్ల గుర్రం రోజుకు 15 నుంచి 20 పౌండ్ల ఎండుగడ్డి తింటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు కత్తిరించాలి, లేదా లాడాలు మార్చాలి. ఏటా టీకాలు, పళ్ళ పని. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నారు. చవగ్గా వచ్చిన గుర్రానికీ ఖర్చు అంతే.

ఫోన్లో అడగాల్సినవి

అమ్మేవాళ్ళతో మొదటి మాటలోనే ధర ఎత్తకండి. ఈ గుర్రం మీ దగ్గర ఎన్నాళ్ళుగా ఉందని అడగండి. మూడు వారాలైంది అంటే ఎదుటిమనిషి బేరగాడు. అందులో తప్పేం లేదు, కానీ దాని గుణం గురించి ఆయనకు తెలిసింది కూడా మూడు వారాలంతే. అంతకుముందు ఎవరి దగ్గర ఉందో కనుక్కుని, వీలైతే వాళ్ళతో మాట్లాడండి.

తర్వాత ఆ "ఎవరైనా ఎక్కొచ్చు" అన్న మాట పట్టుకోండి. దీనిమీద ఎక్కినవాళ్ళలో అందరికంటే తక్కువ అనుభవం ఉన్నది ఎవరు, ఎప్పుడు ఎక్కారు? "పోయిన నెల మా చెల్లెలి కొడుకు, పదేళ్ళ పిల్లాడు, పశువుల్ని తోలేటప్పుడు" అన్నది ఒక జవాబు. "అబ్బే, ఎవరెక్కినా ఏమీ అనదండీ" అన్నది జవాబే కాదు.

పది రోజులు ఖాళీగా వదిలేసి ఎక్కితే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. "మొదటి అయిదు నిమిషాలు కాస్త హుషారుగా ఉంటుంది, తర్వాత మామూలే" అంటే అది నమ్మదగ్గ మాట. "ముందు రౌండ్ పెన్‌లో, అంటే గుండ్రటి కంచెలో, కాసేపు పరిగెత్తించి ఎక్కుతాం" అంటే కొత్త మనిషికి ఆ గుర్రం కాదు. పాత దెబ్బలు, కుంటు, కడుపునొప్పి వచ్చిన చరిత్ర, ఇస్తున్న మందులు, ట్రైలర్ (గుర్రాల్ని తీసుకెళ్ళే బండి) ఎక్కుతుందా, ఒంటరిగా వెళ్తుందా, ఇవన్నీ కూడా అప్పుడే అడిగేయండి. దీనికి నచ్చనిదేమిటి అని అడిగి ఆగండి. నిజాయితీపరుడు ఏదో ఒకటి చెప్తాడు. చెవులు ముట్టుకోనివ్వదనో, వెనక కాళ్ళు ఎత్తేటప్పుడు గింజుకుంటుందనో. ఏ వంకా లేని గుర్రం ఉండదు.

వీడియో అడిగితే మ్యూజిక్ పెట్టి అతికించింది పంపుతారు. అది వద్దు, మైదానంలో పట్టుకోవడం నుంచి జీను దించేదాకా కత్తిరించకుండా తీసింది పంపమనండి.

వెళ్ళి చూసేటప్పుడు

వెళ్ళేముందే చెప్పండి: గుర్రాన్ని మైదానంలోనే వదిలి ఉంచండి, నేను వచ్చాకే పట్టుకుందాం. మీరు వెళ్ళేసరికి అది జీనుతో సిద్ధంగా ఉంటే మెడ కింద, జీను గుడ్డ కింద చేత్తో తడిమి చూడండి. తడిగా ఉన్నా, చెమట ఆరి వెంట్రుకలు ఉప్పు చారలతో అట్టకట్టి ఉన్నా, మీరు రాకముందే దాని ఒళ్ళు అలిసేదాకా తిప్పారన్నమాట. పొద్దున్నే పని ఉండి తిప్పి ఉండొచ్చు కూడా. అలాంటప్పుడు గొడవ పడక్కర్లేదు, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

మనిషిని చూడగానే దగ్గరకొస్తుందా, పారిపోతుందా, చెవులు వెనక్కి పెట్టి పిరుదులు తిప్పుతుందా చూడండి. తలకు హాల్టర్ పట్టీ తగిలించాక తాడు మీరే పట్టుకుని నడిపించండి. భుజంతో మిమ్మల్ని నెడుతూ ముందుకు దూసుకుపోయే గుర్రం, పైన కూర్చున్నాక కూడా మీ మాట వినదు. నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటి ఎత్తండి. జీను వేసి పట్టీ బిగించేటప్పుడు దాని మొహం చూడండి, పట్టీని కాదు. కొరకబోవడం, పొట్ట ఉబ్బించడం, తోక విసరడం వంటివి కనిపిస్తే వీపు నొప్పో, కడుపులో పుండ్లో, పాత చేదు అనుభవమో ఉండొచ్చు. కొన్ని గుర్రాలు పట్టీ బిగించగానే వీపు విల్లులా వంచి బిగుసుకుపోతాయి. వాటిని నాలుగడుగులు నడిపించకుండా ఎక్కితే మనిషిని ఎగరేస్తాయి.

ముందు అమ్మేవాళ్ళు ఎక్కాలి. ఇందులో మొహమాటం వద్దు. "ఇవాళ నడుము నొప్పి, మీరే ఎక్కండి" అంటే నవ్వుతూ నమస్కారం పెట్టి వచ్చేయండి. వాళ్ళు నడక, ట్రాట్ అనే చిన్న పరుగు, లోప్ అనే నెమ్మది దౌడు, మూడూ రెండు వైపులా తిప్పి చూపించాలి. ఆ తర్వాతే మీ వంతు. హెల్మెట్ మీదే తీసుకెళ్ళండి.

రాంచ్ గుర్రానికి పగ్గాలు ఒక చేత్తోనే పట్టుకుంటారు. రెండో చెయ్యి తాడుకో, గేటుకో కావాలి మరి. పగ్గం మెడకు ఆనితే చాలు, అవతలివైపు తిరుగుతుంది. స్వారీ స్కూల్లో రెండు చేతులతో లాగి తిప్పడం నేర్చుకున్నవాళ్ళు అలాగే లాగితే గుర్రం తికమకపడి తల ఎగరేస్తుంది. అది దాని తప్పు కాదు. అమ్మేవాళ్ళను అడిగి వాళ్ళ పద్ధతిలోనే పట్టుకోండి. కొద్దిపాటి సైగకే తిరగడానికి అలవాటుపడిన గుర్రం, మీరు మడమలతో పొడిస్తే ఒక్కసారిగా దూకుతుంది. పనితెలిసిన గుర్రంతో కొత్తవాళ్ళకు వచ్చే ఇబ్బంది ఎక్కువగా ఇదే.

పని వచ్చో లేదో చూడాలంటే గేటు పెట్టండి. పైనుంచి దిగకుండా గేటు గొళ్ళెం తీసి, దాటి, మళ్ళీ వేయాలి. మంచి రాంచ్ గుర్రం గేటు పక్కకి తనే అడ్డంగా జరిగి, మీ చెయ్యి గొళ్ళెం మీద ఉన్నంతసేపు కదలకుండా నిలబడుతుంది. మీరు గేటు తోస్తుంటే మీతోపాటు ఒక్కో అడుగు వేస్తుంది. దాటాక చెప్పకుండానే వెనక్కి తిరిగి ఆగుతుంది. ఆ ఒక్క గేటు దగ్గర దాని ఓపిక, శిక్షణ, కాళ్ళ మీద అదుపు అన్నీ బయటపడతాయి. వలయంలో పది చుట్లు తిప్పినా అంత తెలియదు. కుదిరితే జీను ముందు కొమ్ముకు తాడు చుట్టి ఒక దుంగను కూడా లాగించి చూడమనండి. వెనక తాడు తగులుతూ వస్తుంటే అది నిదానంగా నడవాలి.

ఇక అసలు పరీక్ష, కొట్టం నుంచి ఒంటరిగా బయటికి వెళ్ళడం. తోడు గుర్రాలు లేకుండా, అవి కనబడనంత దూరం తీసుకెళ్ళండి. అరమైలు పోయాక ఆగడం, అరుస్తూ సకిలించడం, ఇంటివైపు తిరిగిపోవడం చేస్తే ఇన్నాళ్ళూ అది గుంపులోనే పని చేసిందని అర్థం. రాంచ్‌లో నలుగురూ కలిసి వెళ్తారు కాబట్టి అక్కడ ఈ సంగతి బయటపడదు. మీరు ఒక్కరే తిరగాలనుకుంటే అది పెద్ద లోపమే. తిరిగొచ్చేటప్పుడు కూడా చూడండి. కొట్టం కనబడగానే నడక వేగం పెంచితే ఆపండి. పగ్గం వదులు చేసినా నిలబడితే సరే. వాగు, చెక్క వంతెన, రోడ్డు మీద ట్రక్కు, గాలికి రెపరెపలాడే టార్పాలిన్, దారిలో ఏది దొరికితే అది చూపించండి. బెదరడం తప్పు కాదు. బెదిరాక ఏం చేస్తుందన్నదే ముఖ్యం. ఉలిక్కిపడి ఆగి చూసేది ఒకటి, వెనక్కి తిరిగి పరుగందుకునేది ఒకటి.

చివర్లో ట్రైలర్ ఎక్కించమనండి. మీరే ఎక్కించండి. ఎక్కని గుర్రాన్ని కొంటే ట్రైల్ దగ్గరికి ఎలా తీసుకెళ్తారు?

నచ్చితే ఒక చిన్న కోరిక కోరండి: అయిదారు రోజులు దీన్ని ఎవరూ ఎక్కకండి, తర్వాత మళ్ళీ వస్తాను. రెండోసారి వెళ్ళినప్పుడు ముందు పరిగెత్తించకుండా, అలాగే పట్టుకుని, జీను వేసి, వాళ్ళను ఎక్కించి, మీరు ఎక్కండి. మీ ఇంట్లో ప్రతి శనివారం మీకు కనబడబోయే గుర్రం ఇదే. మొదటిసారి చూసింది కాదు.

కాళ్ళు, డెక్కలు, పళ్ళు

గట్టి నేల మీద గుర్రాన్ని నేరుగా ట్రాట్ చేయించి మీరు ఎదురుగా నిలబడండి. ముందుకాలు కుంటితే, నొప్పి ఉన్న కాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు పడ్డప్పుడు కిందికి దిగుతుంది. తర్వాత చిన్న వలయంలో రెండు వైపులా తిప్పమనండి. నేరుగా పోయేటప్పుడు దాగిన కుంటు మలుపులో బయటపడుతుంది.

పెద్ద ఒంటికి చిన్న డెక్కలున్న క్వార్టర్ హార్స్‌లలో ముందు డెక్క మడమ లోపలి నొప్పి, నావిక్యులర్ అంటారు, తరచూ కనిపిస్తుంది. డెక్క గోడ మీద వలయాలు మడమ వైపు ఎడంగా, ముందువైపు దగ్గరగా ఉంటే ఎప్పుడో లామినైటిస్, అంటే డెక్క లోపలి పొర వాచే జబ్బు, వచ్చిందేమోనని అనుమానించాలి. మోకాలి కింద వెనకవైపు స్నాయువును రెండు వేళ్ళతో పైనుంచి కిందికి తడమండి. రెండు కాళ్ళలోనూ ఒకేలా, తాడులా గట్టిగా, చల్లగా ఉండాలి.

కాగితాలు లేని గుర్రమైతే వయసు పళ్ళలోనే చదవాలి. పైవరుస చివరి ముందుపన్ను మీద ఒక నిలువు గాడి సుమారు పదో ఏట చిగురు దగ్గర మొదలవుతుంది, 15 ఏళ్ళకు సగం పన్ను దాకా దిగుతుంది, 20కి చివరిదాకా వస్తుంది. ఇది అటూ ఇటూ అంచనాయే. కానీ 11 అని చెప్పిన గుర్రానికి గాడి పన్ను చివరిదాకా ఉంటే మాట్లాడాల్సింది ఉంది. బూడిద, తెలుపు రంగు గుర్రమైతే తోక ఎత్తి కింద గడ్డలున్నాయేమో చూడండి. ముదురు వయసులో ఆ రంగు గుర్రాలకు మెలనోమా అనే చర్మపు గడ్డలు చాలా సాధారణం.

వెట్ పరీక్ష

మీకు ఎంత తెలిసినా కొనేముందు వెట్, అంటే పశువైద్యుడి చేత పరీక్ష చేయించండి. అమ్మేవాళ్ళ వెట్ కాకుండా వేరే వెట్ కావాలి. గుండె, కళ్ళు, పళ్ళు, నడక చూస్తారు. ఒక్కో కీలును అర నిమిషం నుంచి నిమిషం దాకా మడిచి పట్టుకుని వెంటనే ట్రాట్ చేయిస్తారు. పదేళ్ళు రాంచ్‌లో పనిచేసిన గుర్రం ఈ పరీక్షలో కాస్తయినా బిగుసుకోకుండా వెళ్ళడం అరుదు. "పాస్ అయిందా" అని అడిగితే వెట్ కూడా ఏమీ చెప్పలేరు. "వారానికి ఒకసారి కొండదారిలో మూడు గంటలు, నా బరువు ఇంత, ఈ పనికి ఇది సరిపోతుందా" అని అడగండి. అప్పుడు ఎక్స్‌రేలు ఎక్కడ తీయాలో వాళ్ళే చెప్తారు. నా సలహా, ముందు డెక్కలకు మాత్రం తప్పకుండా తీయించండి.

అదే రోజు రక్తం తీసి దాచి ఉంచమనండి. నొప్పి తెలియకుండా బ్యూట్, మత్తుకు ఏస్ లాంటి మందులు ఇచ్చి అమ్మేవాళ్ళు అక్కడక్కడా ఉంటారు. తర్వాత అనుమానం వస్తే ఆ రక్తాన్ని ల్యాబ్‌కు పంపొచ్చు. క్వార్టర్ హార్స్ అయితే జన్యు పరీక్ష ఫలితాలు కూడా అడగండి. ఇంప్రెసివ్ అనే పోతు గుర్రం సంతతిలో వచ్చే కండరాల జబ్బు హెచ్‌వైపీపీ, కండరాలు పట్టేసే పీఎస్ఎస్ఎం, జీను కింద చర్మం చిరిగే హెర్డా వంటివి వాటిలో తెలుస్తాయి.

కాగిన్స్ పరీక్ష వేరే ఉంటుంది. గుర్రాలకు ఈఐఏ అనే వైరస్ వ్యాధి ఉందో లేదో రక్తంలో చూస్తారు. దానికి మందు లేదు. నెగటివ్ కాగితం లేకుండా మామూలుగా గుర్రాన్ని రాష్ట్రం దాటించలేరు, ప్రదర్శనలకూ రానివ్వరు. చాలాచోట్ల 12 నెలల లోపుది చెల్లుతుంది. రాష్ట్రం దాటాలంటే వెట్ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కూడా కావాలి.

కాగితాలు, బేరం

రిజిస్టర్డ్ అన్నారంటే కాగితం చేతిలో పట్టుకుని చూడండి. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్, 1940లో మొదలైంది, యజమాని పేరు వాళ్ళ రికార్డులో ఉంటుంది. ఆ పేరున్న మనిషే మీకు బదిలీ పత్రం మీద సంతకం పెట్టాలి. మధ్యలో రెండు చేతులు మారి బదిలీలు జరగకపోతే అది మీ నెత్తిన పడుతుంది. మచ్చలు, తెల్ల గుర్తులు కాగితం మీద బొమ్మతో సరిపోతున్నాయో పోల్చండి. కొలరాడో, వయోమింగ్, మోంటానా వంటి రాష్ట్రాల్లో యజమాని మారేటప్పుడు పశువుల ముద్రలు చూసే బ్రాండ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ కూడా కావాలి. గుర్రానికి ముద్ర లేకపోయినా ఇది తప్పదు.

అమ్మకం రసీదులో గుర్రం వివరాలు, ధర, తేదీ, అమ్మేవాళ్ళు నోటితో చెప్పిన హామీలు రాయించండి. "కుంటు లేదు, ట్రైలర్ ఎక్కుతుంది, ఇప్పుడు ఏ మందూ ఇవ్వడం లేదు" అని ఒక్క వాక్యం చాలు. రాయడానికి ఇష్టపడకపోతే ఆ హామీ ఎంతవరకో మీకే తెలిసిపోతుంది. కొందరు వారం, రెండు వారాలు ట్రయల్‌కు ఇస్తారు. ఆ సమయంలో దెబ్బ తగిలితే ఎవరి బాధ్యతో ముందే రాసుకోండి. చూడకుండా అడ్వాన్సు పంపమనేవాళ్ళకు మాత్రం ఒక్క డాలరు కూడా పంపకండి.

తీసుకొచ్చాక మొదటి నెల

వేరే గుర్రాలుంటే రెండు, మూడు వారాలు కొత్తదాన్ని విడిగా ఉంచండి. వేలం కొట్టాల నుంచి వచ్చినవైతే స్ట్రాంగిల్స్ అనే గొంతు గడ్డల జబ్బు అంటించే ప్రమాదం మరీ ఎక్కువ. నీళ్ళ బకెట్లు కూడా కలపకండి. రోజూ ఉదయం జ్వరం చూసి రాసుకోండి, 99 నుంచి 101.5 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి.

పాత చోటు నుంచి రెండు, మూడు మూటల ఎండుగడ్డి కొనుక్కుని రండి. వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా మీ గడ్డికి మార్చాలి. ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది. దాణా విషయంలో చెయ్యి బిగించండి. పని తగ్గిన గుర్రానికి రాంచ్‌లో పెట్టినంత దాణా పెడితే, నెల తిరిగేసరికి "మీరు అమ్మిన గుర్రం ఇది కాదు" అని వాళ్ళకు ఫోన్ చేసేది మీరే. మంచి గడ్డి, ఉప్పు, నీళ్ళు చాలావాటికి సరిపోతాయి.

మొదటి వారం ఎక్కకపోయినా రోజూ పట్టుకుని, దువ్వి, నడిపించండి. తర్వాత వారానికి కనీసం మూడుసార్లు కాసేపైనా ఎక్కండి. ట్రైల్‌కు మొదటిసారి వెళ్ళేటప్పుడు నెమ్మదస్తమైన గుర్రాన్ని తోడు తీసుకెళ్ళండి, తెలిసిన దారిలో, గంటలో తిరిగొచ్చేలా. పాత జీను దాంతోపాటు అమ్మకపోతే మీ జీను దాని వీపుకు సరిపోతుందో ఎవరైనా తెలిసినవాళ్ళకు చూపించండి. స్వారీ అయ్యాక జీను తీసి చూస్తే చెమట మరక రెండువైపులా ఒకేలా ఉండాలి. నడుమ అక్కడక్కడా పొడి మచ్చలు కనబడితే అక్కడ జీను ఒత్తుతోంది. వారాలు గడిచాక ఆ చోట వెంట్రుకలు తెల్లబడతాయి.